ఫైబర్ తెప్పల మరమ్మతు కిట్టు: రెజిన్ బాగుంది, పనిముట్లు కడుక్కునే సరంజామా చాలలేదు

ఏటా ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై జూన్ 14తో ముగిసే 61 రోజుల్లో, ఉప్పాడ ఒడ్డున ఎటు చూసినా బోర్లించిన తెప్పలే కనిపిస్తాయి. ఒకప్పుడు దుంగలు కట్టి చేసిన తెప్పలు ఉండే చోట ఇప్పుడు ఎక్కువగా ఫైబర్ తెప్పలే ఉన్నాయి. ఇవి బరువు తక్కువ, నీటికి నానవు. కానీ రోజూ ఇసుక మీద ఈడ్చడం వల్ల అడుగు భాగం అరిగిపోతుంది, ఒడ్డున పోసిన రాళ్లకు తగిలితే పగులుతుంది. ఆ అరుగుదలను సరిచేసుకోవడానికి మత్స్యకారులకు దొరికే సమయం ఈ రెండు నెలలే. దురదృష్టమేమిటంటే ఏడాది మొత్తంలో ఎండ ఎక్కువగా ఉండేదీ, రెజిన్ (ఫైబర్ పొరలను అతికించి గట్టిపడే జిగురు) తొందరగా గట్టిపడేదీ కూడా ఈ రెండు నెలల్లోనే.

నేను కాకినాడలో పదకొండేళ్లుగా ఫైబర్ పని చేస్తున్నాను. తెప్పలు, నీళ్ల ట్యాంకులు, రొయ్యల హేచరీల తొట్లు నా చేతి మీదుగా వెళ్తుంటాయి. నాకు కావలసిన రెజిన్, మ్యాట్ (గాజు నారతో చేసిన గుడ్డ) దుకాణంలో విడివిడిగా కొనుక్కోవడమే నాకు అలవాటు. ఈసారి మాత్రం మా మేనమామ గారి తెప్ప బాగుచేయడానికి మా బావ ఆన్‌లైన్లో ఒక మరమ్మతు కిట్టు తెప్పించాడు. "అన్నీ ఇందులోనే ఉన్నాయట, నువ్వొచ్చి ఒకసారి చూడు" అని కబురు పెట్టాడు. వెళ్లి, ఆ కిట్టులో ఉన్నవాటితోనే పని మొదలుపెట్టాను. ఈ సమీక్ష ఆ పని గురించే. దాదాపు ఇదే కూర్పుతో, ఇలాంటి అట్టపెట్టెలోనే మరికొన్ని కిట్లు వేరే పేర్లతో కూడా అమ్ముతున్నారు కాబట్టి సంస్థ పేరు చెప్పడం లేదు. పెట్టెలో ఏముంది, ఏది లేదు అనేదే కొనేవారికి పనికొస్తుంది.

పెట్టెలో ఒక కిలో పాలిస్టర్ రెజిన్, చిన్న సీసాలో దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్, చదరపు మీటరుకు 450 గ్రాముల బరువుండే మ్యాట్ ఒక చదరపు మీటరు, రెండంగుళాల బ్రష్షు ఒకటి, అల్యూమినియం రోలర్ ఒకటి, రెండు జతల పల్చని చేతి తొడుగులు, ఒక గరుకు కాగితం, "క్లీనర్" అని రాసిన 200 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా ఉన్నాయి. వాడే పద్ధతి చెప్పే కాగితం ఇంగ్లీషులో, హిందీలో ఉంది. తెలుగులో లేదు. ఒడ్డున తెప్పలు బాగుచేసుకునే వారిలో ఎక్కువమందికి ఆ రెండు భాషల్లో అచ్చు చదవడం రాదు. ప్రమాదకరమైన రసాయనాలు ఉన్న పెట్టెకు ఇది చిన్న లోపం కాదు.

ముందుగా మెచ్చుకోవలసిన వాటి గురించి చెబుతాను. రెజిన్ నాణ్యత బాగుంది. మరీ చిక్కగా లేదు, నీళ్లలా జారిపోలేదు, నిలువు గోడ మీద కూడా నిలిచింది. లేత గులాబీ ఛాయ ఉంది కాబట్టి గట్టిపడే వేగం పెంచే కోబాల్టు యాక్సిలరేటర్‌ను ఫ్యాక్టరీలోనే కలిపి పంపారని తెలుస్తోంది. ఇది చాలా మంచి నిర్ణయం. దుకాణంలో విడిగా కొంటే రెజిన్, యాక్సిలరేటర్, హార్డ్‌నర్ మూడూ మూడు సీసాల్లో ఇస్తారు. ఆ యాక్సిలరేటర్‌నూ హార్డ్‌నర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే మంట లేస్తుంది, పేలిపోవచ్చు కూడా. యాక్సిలరేటర్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపిన తర్వాతే హార్డ్‌నర్ వేయాలన్నది ఈ పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. కొత్తవారి చేతికి వెళ్లే కిట్టులో ఆ అపాయమే లేకుండా చేసినందుకు తయారీదారులను అభినందించాలి. అయితే యాక్సిలరేటర్ కలిపిన రెజిన్ ఎక్కువకాలం నిలవ ఉండదు, వేడి తగిలితే సీసాలోనే చిక్కబడుతుంది. కాబట్టి కొనగానే తయారీ తేదీ చూసుకోవాలి. పెట్టెను రేకుల షెడ్డులో పెట్టి మరుసటి ఏడాది తీద్దామనుకుంటే కుదరదు.

మావయ్య తెప్ప అడుగున పొడవునా ఉండే వెన్ను భాగం ఒకచోట మూడు మిల్లీమీటర్ల లోతున అరిగి, మధ్యలో జానెడు పగులు తేలింది. పగులు లోపలి వైపుకు చేరలేదు. ముందు మంచినీళ్లతో ఉప్పంతా పోయేలా కడిగి, రెండు రోజులు ఎండలో ఆరనిచ్చాం. ఉప్పు తేమ మీద వేసిన పొర ఎంత మంచి రెజిన్‌తో వేసినా అప్పడంలా ఊడి వస్తుంది. తర్వాత దెబ్బతిన్న చోటు చుట్టూ, లోతుకు పన్నెండు రెట్లు, అంటే దాదాపు నాలుగు సెంటీమీటర్ల మేర ఏటవాలుగా అరగదీశాను. కిట్టులోని గరుకు కాగితం ఇందుకు చాలలేదు, అది పావు వంతు పనికే నున్నబడిపోయింది. 40 నంబరు కాగితం నేను తెచ్చుకున్నదే వాడాను.

అతుకు 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు. మూడు పొరలకు కలిపి దాదాపు 0.36 చదరపు మీటర్ల మ్యాట్ పట్టింది. 450 గ్రాముల మ్యాట్ కాబట్టి దాని బరువు 160 గ్రాముల పైచిలుకు, దానికి రెండున్నర రెట్ల చొప్పున 400 గ్రాముల రెజిన్ కావాలి. ఈ లెక్కన చూస్తే కిలో రెజిన్‌కు చదరపు మీటరు మ్యాట్ ఇవ్వడం దాదాపు సరైన పాళ్లలోనే ఉంది. కొన్ని కిట్లలో మ్యాట్ ఎక్కువ, రెజిన్ తక్కువ ఉండి పై పొర పొడిగా, తెల్లగా మిగిలిపోతుంది. ఇందులో ఆ ఇబ్బంది లేదు. మ్యాట్ కూడా సమానంగా పరుచుకుంది, రెజిన్ తగలగానే మెత్తబడి వంపుల్లోకి చక్కగా ఒదిగింది.

హార్డ్‌నర్ దగ్గర మాత్రం చిక్కొచ్చింది. రెజిన్ బరువులో రెండు శాతం కలపమని కాగితంలో ఉంది. ఆ మాట 25 డిగ్రీల గదికి సరిపోతుందేమో గానీ ఉప్పాడ ఒడ్డున మే నెల పదిగంటల ఎండకు సరిపోదు. నేను ఒక శాతమే వేశాను. ఒక శాతం కంటే తగ్గిస్తే లోపల పచ్చిగా మిగిలిపోతుంది కాబట్టి ఎంత ఎండైనా అంతకు దిగకూడదు. అలా వేసినా పన్నెండు పదమూడు నిమిషాలకు రెజిన్ జున్నులా మారడం మొదలైంది. అందుకే 400 గ్రాములూ ఒకేసారి కలపకుండా 200 గ్రాముల చొప్పున రెండుసార్లు కలిపాను. 200 గ్రాములకు కావలసిన హార్డ్‌నర్ రెండు గ్రాములు మాత్రమే, అంటే రెండు మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. కిట్టులోని సీసా మీద ఒక్క కొలత గీత కూడా లేదు. మందుల షాపులో దొరికే ఐదు మిల్లీలీటర్ల సిరంజికి సూది తీసేసి దాంతో కొలిచాను. ఐదారు రూపాయల వస్తువు పెట్టెలో పెట్టి ఉంటే ఎన్నో అతుకులు చెడిపోకుండా ఉండేవి.

కలిపిన రెజిన్ మగ్గులో మిగిలిపోతే దాన్ని అలాగే వదిలేయకూడదు. ముద్దగా ఉన్నప్పుడు దాని వేడి దానిలోనే పెరిగి, పొగలు కక్కి, మగ్గు కరిగిపోయే దాకా వెళ్తుంది. మిగిలినదాన్ని పాత రేకు మీద పల్చగా పరిచేయాలి.

ఇక నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణమైన సంగతికి వస్తాను. ఫైబర్ పనిలో రెజిన్ గురించి అందరూ అడుగుతారు, పనిముట్లు కడగడం గురించి ఎవరూ అడగరు. హార్డ్‌నర్ వేసిన క్షణం నుంచి మగ్గులోని రెజిన్‌కు ఎంత గడువుంటుందో బ్రష్షు కుచ్చులో ఇరుక్కున్న రెజిన్‌కూ అంతే గడువుంటుంది. పని అయ్యాక తీరిగ్గా కడుగుదామనుకుంటే ఆ పాటికి బ్రష్షు పుల్లై కూర్చుంటుంది. గట్టిపడిన పాలిస్టర్‌ను ఎసిటోన్ (పనిముట్లు కడిగే ఘాటైన ద్రావకం) కరిగించలేదు. పచ్చిగా ఉన్నప్పుడు కడిగినదే కడిగినట్టు. కాబట్టి నేను ఒక విడత రెజిన్ అయిపోగానే, రెండో విడత కలపడానికి ముందే బ్రష్షునూ రోలర్‌నూ కడుగుతాను. ఈ కిట్టు తయారుచేసినవారు ఈ ఒక్క విషయాన్ని లెక్కలోకి తీసుకోలేదని నాకు గట్టిగా అనిపించింది.

కిట్టులోని బ్రష్షు చూడటానికి ముచ్చటగా ఉంది, పిడికి ఎర్రరంగు వేశారు. ఆ రంగే కొంప ముంచింది. మొదటిసారి క్లీనర్లో ముంచగానే పిడి రంగు కరిగి ద్రావణమంతా ఎర్రబడింది, అది కుచ్చులోకి ఎక్కి, రెండో పొర రెజిన్ మీద గులాబీ చారలు పడ్డాయి. అంతటితో ఆగలేదు. వెంట్రుకలను పట్టి ఉంచే జిగురు కూడా ఆ క్లీనర్‌కు మెత్తబడిపోయి, రెండో పొర సగంలో ఉండగా వెంట్రుకలు ఊడి మ్యాట్‌లో అతుక్కున్నాయి. రోలర్ తిప్పుతూ పోతే ఆ వెంట్రుకల కింద గాలి నిలిచి, సన్నని తెల్లటి గీతలుగా కనిపించాయి. ఒక్కొక్కదాన్నీ సూదిమొనతో లేపి తీసేలోపు రెజిన్ జిగటెక్కింది. మావయ్య పక్కన నిలబడి చూస్తూ, "అదేంట్రా, కొత్త బ్రష్షే కదా" అన్నారు. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఫైబర్ పనికి రంగు వేయని చెక్క పిడి, జంతు రోమాల కుచ్చు ఉన్న మామూలు బ్రష్షు సరిపోతుంది. దుకాణాల్లో ఇంతకంటే తక్కువ ధరకే దొరుకుతుంది. స్పాంజి రోలర్లు మాత్రం ఎవరిచ్చినా తీసుకోవద్దు, రెజిన్‌లోని స్టైరీన్‌కు చాలా రకాల స్పాంజి నలిగి ముక్కలవుతుంది.

రోలర్ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అల్యూమినియం ముక్కలో నిలువుగా కోసిన గాళ్లు, వాటి అంచులు మొద్దుగా లేకుండా మ్యాట్‌లోని గాలి బుడగలను చక్కగా బయటికి నెట్టాయి. ఇరుసు చివర చిన్న నట్టు ఉంది, విప్పితే రోలర్ ఊడి చేతికొస్తుంది. ఈ ఒక్క ఏర్పాటు వల్ల రోలర్ ఆయువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎందుకంటే గాళ్లలో చేరిన రెజిన్ కంటే ఇరుసుకూ రోలర్‌కూ మధ్య సందులోకి పాకిన రెజినే దాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది. బిగుసుకుపోయిన రోలర్‌ను కట్టెల మంటలో కాల్చి బాగుచేసేవారు చాలామంది ఉన్నారు. ఆ పొగ పీల్చడం ఎంతమాత్రం మంచిది కాదు, వేడికి అల్యూమినియం కూడా మెత్తబడి అంచులు వంగుతాయి.

క్లీనర్ సీసా గురించి చెప్పాలంటే, అందులో ఉన్నది వాసనను బట్టి, ఆరే తీరును బట్టి ఎసిటోనే. ఎసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, మామూలు ఎండలోనే క్షణాల్లో ఎగిరిపోతుంది. సీసా మూత సరిగ్గా బిగియకపోవడంతో పెట్టె తెరిచేసరికే పావు వంతు ఖాళీ అయింది. మిగిలినది బ్రష్షును ఒక్కసారి కడగడానికి కూడా సరిపోలేదు. కిలో రెజిన్‌తో ఐదు విడతలు కలుపుకోవచ్చు, అంటే ఐదుసార్లు కడుక్కోవాలి. ఇది 200 మిల్లీలీటర్లతో జరిగే పని కాదు. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న లీటరు డబ్బా లేకపోతే ఆ రోజు పని అక్కడితో ఆగిపోయేది.

నేను కడిగే పద్ధతి ఇది. ముందు బ్రష్షును అట్టముక్క అంచుకు గట్టిగా ఒత్తి లాగి, వచ్చినంత రెజిన్ తీసేసి, పాత పేపరుతో పిండుతాను. ఎసిటోన్ ముట్టకముందే సగానికి పైగా రెజిన్ ఇలా వచ్చేస్తుంది. తర్వాత మూతలున్న రెండు స్టీలు డబ్బాలు వాడతాను. మొదటిదాంట్లో పాత, మురికి ఎసిటోన్ ఉంటుంది, బ్రష్షును దాని అడుగుకు వత్తుతూ ఆడించి తీసి, రెండో డబ్బాలోని శుభ్రమైన ఎసిటోన్‌లో జాడిస్తాను. కుచ్చును వేళ్లతో విడదీసి చూస్తే, పిడి దగ్గర మొదట్లో ఇంకా తేనెలాంటి జిగట కనిపిస్తుంది. చాలామంది వదిలేసేది అక్కడే, మర్నాటికి గట్టిపడి కుచ్చును చీపురులా విడదీసేదీ అదే. అది పోయేదాకా మళ్లీ జాడించాలి. ఆఖరున బ్రష్షును గట్టిగా విదిలించి, గుడ్డతో వత్తి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఎసిటోన్‌తో ఉన్న బ్రష్షును మళ్లీ రెజిన్‌లో ముంచితే ఆ చోట రెజిన్ పల్చబడి, సరిగా గట్టిపడక, సూది రంధ్రాలు పడతాయి. అందుకే రెండు బ్రష్షులు పెట్టుకుని, ఒకటి ఆరుతుండగా ఒకటి వాడతాను. కిట్టులో బ్రష్షు ఒక్కటే ఉంది.

మొదటి డబ్బాలోని ఎసిటోన్ రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేటను వంచుకుని మళ్లీ వాడుకోవచ్చు. మిగిలిన మడ్డిని మంటలకు దూరంగా, పిల్లలు రాని చోట మూత తీసి ఆరబెడితే గట్టిబడుతుంది, అప్పుడు చెత్తలో వేయవచ్చు. దాన్ని ఇసుకలో పారబోయడం, అలలో జార్చడం నేను కళ్లారా చూశాను. మనం వట్టి కాళ్లతో నడిచే ఇసుక, మనం చేపలు పట్టే నీళ్లు అవి.

ఎసిటోన్ నిప్పుకు అందరికంటే దగ్గరి చుట్టం. సున్నా కంటే 20 డిగ్రీలు తక్కువ వేడిలోనే దాని ఆవిరికి అంటుకునే గుణం ఉంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి నేలమీద పాకుతూ వెళ్లి, దూరంగా ఉన్న పొయ్యి దగ్గర అంటుకుని వెనక్కి వస్తుంది. ఒడ్డున బీడీ వెలిగించుకునేవారు పక్కనే కూర్చుంటారు, వారిని మొహమాటం లేకుండా లేపి పంపాలి. హార్డ్‌నర్ తుడిచిన గుడ్డలను ఎసిటోన్ గుడ్డలతో కలిపి కుప్ప వేయకూడదు, నీళ్లలో తడిపి విడిగా పడేయాలి.

నేను పని నేర్చుకునే రోజుల్లో సాయంత్రం చేతులకు అంటిన రెజిన్‌ను ఎసిటోన్‌తో కడుక్కోబోతే, మా మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని, "చెయ్యి కడుక్కోవడానికి కాదురా అది, బ్రష్షు కడగడానికి" అని డబ్బా లాక్కున్నారు. ఎసిటోన్ చర్మంలోని నూనెనంతా లాగేస్తుంది, కరిగిన రెజిన్‌ను చర్మంలోకి ఇంకా లోతుకు దించుతుంది. చేతులకైతే ముందు పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి రుద్ది, ఆపైన సబ్బుతో కడుక్కోవడం మంచిది. కిట్టులోని పల్చని చేతి తొడుగులు రెండు నిమిషాలకే ఎసిటోన్‌కు సాగి చిరిగిపోయాయి. ఎసిటోన్‌తో కడిగేటప్పుడు వేసుకోవడానికి బ్యూటైల్ రబ్బరు తొడుగులు కొనుక్కోండి.

ఎసిటోన్‌కు బదులు నీటిలో కలిపే క్లీనర్లు కూడా వస్తున్నాయి. మా షెడ్డులో నేను వేసవి రోజుల్లో మొదటి జాడింపుకు గోరువెచ్చని నీళ్లు, బట్టల సబ్బుపొడి వాడతాను. రెజిన్ పచ్చిగా ఉంటే నురగతో కలిసి తెల్లగా విడిపోతుంది. పని నెమ్మది, రెండుమూడుసార్లు నీళ్లు మార్చాలి, బ్రష్షు మరునాటి దాకా ఆరాలి, ఎందుకంటే నీటి చుక్క ఉన్నా రెజిన్ పాలలా మారుతుంది. అయినా ఎసిటోన్ ఖర్చు దాదాపు సగం తగ్గింది, షెడ్డులో ఘాటు కూడా తగ్గింది.

పెట్టెలో లేనివాటిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది కళ్లద్దాలు. హార్డ్‌నర్ ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది. పడిన క్షణమే, కనీసం పదిహేను నిమిషాల పాటు నీళ్లు ధారగా పోస్తూ కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ హెచ్చరిక ఆ కాగితంలో నాలుగో పేరాలో, చీమంత అక్షరాల్లో ఉంది. అలాగే రెజిన్ వాసన అంటే స్టైరీన్ వాసన. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ట్యాంకు నుంచి వెలువడి ప్రాణాలు తీసింది ఆ స్టైరీన్ ఆవిరే. ఒక కిలో డబ్బాకూ ఆ ట్యాంకుకూ పోలిక లేదు, ఆరుబయట గాలికి ఎదురు కాకుండా నిలబడి చేసుకుంటే భయపడవలసిన పని లేదు. కానీ తలుపులు మూసిన గదిలో, తెప్ప లోపలి అరల్లో తల దూర్చి చేసేటప్పుడు గుడ్డ కట్టుకుంటే చాలదు, ఆవిరిని ఆపే బొగ్గు డబ్బాల మాస్కు కావాలి.

నిషేధం ముగిసి మూడు నెలలయ్యాక మళ్లీ ఉప్పాడ వెళ్లినప్పుడు తెప్పను పక్కకు వంచి చూశాం. అతుకు అంచులు ఎక్కడా లేవలేదు, గోటితో గీకినా పొర కదల్లేదు. వెంట్రుకలు ఇరుక్కున్న చోట మాత్రం రెండు సన్నని గీతలు తేలాయి, వచ్చే వేసవికి పైన మరో పొర వేయాలి. అంటే ఆ కిట్టులోని రెజిన్‌నూ మ్యాట్‌నూ నేను నిస్సందేహంగా నమ్ముతాను.

మొదటిసారి పని చేసుకునేవారు, దగ్గరలో ఫైబర్ సామాను దుకాణం లేనివారు ఈ కిట్టు కొనుక్కోవచ్చు. యాక్సిలరేటర్ కలిపి ఉన్న రెజిన్ ఒక్కదాని కోసమైనా అది తగిన కొనుగోలే. దాంతోపాటు రంగు వేయని బ్రష్షులు రెండు, లీటరు ఎసిటోన్, మూతలున్న స్టీలు డబ్బాలు రెండు, సిరంజి, కళ్లద్దాలు, 40 నంబరు కాగితం విడిగా తెచ్చుకున్నాకే పెట్టె తెరవండి. కాకినాడ, విశాఖ లాంటి ఊళ్లలో ఉండి చెయ్యి తిరిగినవారు విడివిడిగా కొనుక్కోవడమే మేలు. కిట్టులోని ఎర్ర పిడి బ్రష్షును ఆ రోజే పారేశాం. రోలర్‌ను మాత్రం బావ దగ్గర అడిగి తెచ్చుకున్నాను, ఇప్పుడు మా షెడ్డులో హేచరీ తొట్ల పనికి రోజూ అదే వాడుతున్నాను.